మానుకోవడానికి మూడు ఉపసంఘాలు

మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాణ్ణి లేపితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి మా వీధి కుక్కలకి కూడా తెలుసు. కోటిలంక మునిసిపాలిటీ వాళ్ళకి మాత్రం తెలియలేదు. కమిషనరుగారి జీపు మా గుమ్మం ముందు ఆగి అదే పనిగా హారన్ కొట్టింది. మా ఆవిడ గదిలోకి వచ్చి, "మీ ఇంగ్లీషుతో ఏదో పని పడిందట, చొక్కా వేసుకోండి," అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది.

నవ్విందంటే నవ్వదూ మరి. ఇక్కడి జూనియర్ కాలేజీలో జుట్టు నెరిసేదాకా ఇంగ్లీషు చెప్పి రిటైరైన జోగారావుని నేను. ఊళ్ళో అందరికీ మేస్టార్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా ఇంగ్లీషు వినడానికి పిల్లలు కిటికీలోంచి దూకి పారిపోయేవారు. ఇప్పుడు దానికోసం జీపు వచ్చిందంటే ఎక్కడో ఏదో తిరకాసు ఉందని నేను అప్పుడే అనుకోవలసింది.

తిరకాసు ఇదీ. రోడ్ల పక్కన బళ్ళు పెట్టుకుని బతికేవాళ్ళ మీద పై ప్రభుత్వానికి ఉన్నట్టుండి దయ కలిగింది. కలిగిన దయ చల్లారేలోపు ఒక ఉత్తర్వు వేసింది. "రహదారుల పక్కన చిరు వ్యాపారము చేసుకొనువారిని తొలగించుటను అధికారులు ఎస్చ్యూ చేయవలెను. ఈ ఉత్తర్వు అమలులోనికి వచ్చు క్షణమున ఏ వ్యాపారి ఏ చోట వ్యాపారము చేయుచున్నచో, తదుపరి ఉత్తర్వుల వరకు ఆ చోటనే ఉండనీయవలెను." అంతే ఉత్తర్వు. అంతా తెలుగే. ఆ ఒక్క క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి రాజధానిలో అనువాదకుడికి టీ వేళయినట్టుంది, ఇంగ్లీషు మాటని తెలుగు అక్షరాల్లో రాసేసి లేచిపోయాడు.

అయితే ఏమైందంటారా. ఆ ఏడాదే ప్రభుత్వానికి తెలుగు మీద కూడా దయ కలిగింది. ఏ ఉత్తర్వులోనైనా పరాయి మాట కనబడితే, దాని అర్థమూ వాడుకా పుట్టుకా తేల్చి, సమానమైన తెలుగు మాటని సభ పెట్టి ఆవిష్కరించాకే ఆ ఉత్తర్వుని అమలు చెయ్యాలని రూలు పెట్టారు. ఈ రెండు దయలూ ఎదురెదురుగా వచ్చి మా కోటిలంకలో గుద్దుకున్నాయి. వీటికి ముందే ఇంకో ఉత్తర్వు ఉంది. కార్తీక పౌర్ణమిలోగా దారుల పక్కన ఉన్న బళ్ళన్నీ ఎత్తేయమని. అది అచ్చ తెలుగులో ఉంది కాబట్టి భేషుగ్గా అమల్లో ఉంది.

నేను వెళ్ళేసరికి కమిషనర్ ముక్తేశ్వరరావుగారు ఆ కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. "ఎస్చ్యూ," అన్నారు గట్టిగా. గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు, ఆయన తుమ్మారనుకుని "చిరంజీవ" అన్నాడు. కమిషనర్‌గారు వాడి వైపు ఒక చూపు చూసి నన్ను కూర్చోమన్నారు.

"మేస్టారూ, ప్రస్తుత పదము విషయమై తమ యొక్క అమూల్యమైన అభిప్రాయమును మౌఖికముగా వెల్లడింప కోరడమైనది."

"మానుకోవడమండీ," అన్నాను. "తెలిసి, కావాలని మానుకోవడం. బళ్ళు ఎత్తేయడం మానుకోండని రాశారు. అంతే. ఇక నేను వెళ్ళొస్తాను." నేను లేచి నిలబడ్డాను.

టౌన్ ప్లానింగ్ సూపర్వైజర్ ఆదిశేషు, అంటే బళ్ళు ఎత్తుకెళ్ళే లారీ ఈయన చేతిలోనే ఉంటుంది, గోడవైపు తిరిగి దగ్గాడు. భాషాభివృద్ధి అధికారి డాక్టర్ పెరుమాళ్ళాచార్యులు గారైతే నేను బూతుమాట అన్నట్టు చెవులు మూసుకున్నారు.

"కూర్చోండి మేస్టారూ," అన్నారు కమిషనర్. "ఒక ప్రభుత్వ పదము ఇంత త్వరితగతిన తేలిపోయినచో, తగు పరిశీలన జరగలేదని రేపు ఆడిట్ వారు ఆక్షేపించే ప్రమాదము గలదు."

"పైగా 'మానుకొనుట' అనునది వంటయింటి మాట," అన్నారు ఆచార్యులు. "పిల్లవాడు గోళ్ళు కొరుకుచుండగా తల్లి వాడునది. రాజముద్ర కింద అది నిలువజాలదు."

అక్కడికక్కడే కమిటీ వేశారు. కమిటీకి అర్థ ఉపసంఘం, వాడుక ఉపసంఘం, పుట్టుక ఉపసంఘం అని ముగ్గురు పిల్లలు పుట్టారు. మొదటిదానికి ఆచార్యులు, రెండోదానికి ఆదిశేషు, మూడోదానికి స్వయంగా కమిషనర్ అధ్యక్షులు. మూడింటికీ నేను ఆహ్వానిత సభ్యుణ్ణి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఊరి పూజారి ఇస్తానంటూనే, వరమంటే ఏమిటో ముందు తేల్చమంటున్నాడు.

బయటికి వచ్చి ఆఫీసు గేటు పక్కన పల్లాలమ్మ బండి దగ్గర ఆగాను. ఈవిడ సంగతి చెప్పాలి. పొద్దున ఇడ్లీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ, పెసరట్టు ఎప్పుడంటే అప్పుడు. అటు కోర్టు, ఇటు బస్టాండు, వెనక మునిసిపల్ ఆఫీసు. బండి ఎంత చిన్నదైనా చోటు బంగారం. ఒకసారి ఆవిణ్ణి చేపల బజారు పక్కకి పంపించారు. ఆ వాసనలో ఇడ్లీ తినే మొనగాడు కోటిలంకలో పుట్టలేదు. రుబ్బిన పిండి రుబ్బినట్టే కాలవలో పారబోసి, మంచంలో ఉన్న అత్తగారికి మందులు కొనలేక నానా అగచాట్లూ పడి, ఎవరి కాళ్ళో పట్టుకుని మళ్ళీ ఇక్కడికి వచ్చింది.

"ఏంటండి మేస్టారూ, మా బండి ఉంటాదంటారా, ఎత్తేత్తారంటారా?" అని అడిగింది అట్టు తిప్పుతూ.

"ఉంటుందమ్మా. పైనుంచి ఉత్తర్వు కూడా వచ్చింది. ఒక్క మాట దగ్గర ఆగింది, అంతే. రెండ్రోజుల్లో తేలిపోతుంది."

"ఆ మాటేదో తవరికి తెల్దాండి?"

"తెలుసు. చెప్పాను కూడా."

"మరి వాళ్ళకి తెల్దా?"

"వాళ్ళకీ తెలుసు."

పల్లాలమ్మ గరిటె పట్టుకుని నా మొహంలోకి చూసింది. నాకు పిచ్చెక్కిందేమోనని ఆవిడ అనుమానం. "అందరికీ తెలిస్తే ఇంకా ఎతకడం దేనికండి?" అంది. నేను పెసరట్టు తిని వచ్చేశాను.

అర్థ ఉపసంఘం మర్నాడు కూర్చుంది. ఆచార్యులు గారు అట్టలు ఊడిన నిఘంటువులు బల్ల మీద పేర్చి, వాటి వెనక నుంచి మాట్లాడారు. 'వర్జనము', 'నివర్తనము', 'విరమణము', ఇలా ఒక్కొక్కటీ పైకి తీసి, దుమ్ము దులిపి, నచ్చక పక్కన పెడుతున్నారు. ఉండబట్టలేక నేనే కల్పించుకున్నాను.

"చూడండి, రోడ్డు మీద గొయ్యి ఉంటే పక్కకి జరిగి నడుస్తాం. అది తప్పించుకోవడం. ఈ మాట అది కాదు. కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక పండో కాయో వదిలేసి వస్తారు కదా. ఆ తర్వాత ఎవరింట్లో ఎంత బాగా వండి పెట్టినా ముట్టరు. ఎందుకు ముట్టవని అడిగితే కాశీలో వదిలేశానంటారు. ఇంగ్లీషువాడు చెప్పింది సరిగ్గా అదే. ఎవరూ బలవంతపెట్టకుండా, మన మాటకి మనం కట్టుబడి, ఒకదాని జోలికి పోకుండా ఉండడం."

ఇంతకంటే విడమరిచి కాలేజీలో కూడా ఎప్పుడూ చెప్పలేదు. నాకే ముచ్చటేసింది. కానీ సభ్యుల బుర్రలోకి కాశీ ఒక్కటే వెళ్ళింది.

"మేము సతీసమేతముగా వెళ్ళినప్పుడు సీతాఫలమును వదిలితిమి," అన్నారు కమిషనర్ కళ్ళు అరమోడ్చి. "అయితే సీజనులో మాత్రము కొద్దిగా పుచ్చుకొందుము."

"నేను పొట్లకాయ వదిలేశానండి," అన్నాడు ఆదిశేషు. "ఆయ్. నాకు ముందునుంచీ పడదు కూడా."

"పడనిదాన్ని వదలడం ఏం గొప్పండీ ఆదిశేషుగారూ," అన్నాను. "మీకు మీ లారీ అంటే ప్రాణం కదా, దాన్ని వదలండి. అప్పుడు ఈ మాటకి అర్థం వెతకక్కర్లేదు."

ఆయన నొచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే పల్లాలమ్మ దగ్గర రెండు పెసరట్లు తిని, మూతి తుడుచుకుంటూ "మీ బండి మొదటి వరసలో ఉందమ్మా, పౌర్ణమికి సిద్ధంగా ఉండు" అని చెప్పి వెళ్ళే మనిషి ఈయన. ఎంత మర్యాదో చూడండి.

చివరికి ఆచార్యులు గారు కొండని తవ్వారు. తవ్వగా తవ్వగా బయటపడ్డ పదం: 'స్వచ్ఛంద సంకల్పపూర్వక పరివర్జనము'. సభ్యులు బల్ల చరిచి ఆమోదించారు. అయితే ఇది కింది ఉద్యోగులకి అర్థమవుతుందా అని కమిషనర్‌గారు అనుమానపడ్డారు. అందుకని కింద చిన్న అక్షరాలతో వివరణ చేర్చారు: 'అనగా మానుకొనుట'.

ఇంకేముంది, అయిపోయింది కదా అని పల్లాలమ్మకి చెప్పబోయాను. నా తొందర నాది. వాడుక తేలందే ఎలా?

వాడుక ఉపసంఘం అన్ని విభాగాలకీ ఒక ప్రశ్న పంపింది. గడిచిన సంవత్సరంలో మీ విభాగం ఏయే పనులను పరివర్జించినదో ఉదాహరణలతో తెలుపగలరు అని. పనులు మానుకోవడంలో మా మునిసిపాలిటీకి సాటి లేదు కదా, ఉదాహరణలు బళ్ళకొద్దీ వస్తాయనుకున్నాను. ఒక్కటీ రాలేదు. మానుకున్నామని ఒప్పుకుంటే మెమో ఇస్తారని అందరికీ భయం. నీళ్ళ విభాగం ఏమీ లేదని రాసింది. వీధి దీపాల విభాగం తమ శాఖకి మానుకునే అలవాటే లేదని ప్రమాణం చేసింది. పారిశుద్ధ్య విభాగం జవాబు మాత్రం ఫ్రేము కట్టించుకోదగ్గది. "మొదలుపెట్టని పనిని మానుకొనుట సాధ్యము కానందున, ఈ ప్రశ్న మా విభాగమునకు వర్తించదు."

"కాగితం మీద లాభం లేదండి, చేసి చూపించాల," అన్నాడు ఆదిశేషు. వాడుక అంటే వాడి చూడడమే కదా అని ఆయన వాదన. అలా పరివర్జన వారోత్సవాలు వచ్చాయి. ఆ వారమంతా ఉద్యోగులు ఏ ఫైలు మీదా సంతకం పెట్టకుండా, స్వచ్ఛందంగా, సంకల్పపూర్వకంగా మానుకోవాలి. దాని వల్ల ప్రజలకి ఎలాంటి ఇబ్బంది కలిగిందో రాసుకోవాలి. గేటుకి మామిడి తోరణాలు కట్టారు. కమిషనర్‌గారు కలానికి మూత పెట్టి ప్రారంభోత్సవం చేశారు.

వారం గడిచింది. తేడా ఎవరికీ తెలియలేదు. ఒకే ఒక్క పెద్దమనిషి వచ్చి ఫిర్యాదు చేశాడు. జనన ధ్రువపత్రాల గుమాస్తా ఈ వారమంతా తన కుర్చీలోనే కనబడుతున్నాడని, ఆయనకి ఒంట్లో బాగుందో లేదో కాస్త కనుక్కోమని. వాడుక సంతృప్తికరంగా ఉన్నదని ఉపసంఘం తీర్మానించింది.

ఈలోగా దీపావళి వెళ్ళింది, కార్తీకం వచ్చింది. పౌర్ణమి దగ్గర పడుతుంటే నాకు నిద్ర పట్టడం మానేసింది. నేను ఆ గేటు ముందు నుంచి నడవడం కూడా మానేశాను. పల్లాలమ్మ ఇంకా తేలలేదా అని అడుగుతుందని నా సిగ్గు. పెసరట్టు కోసం ప్రాణం కొట్టుకుంటున్నా సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

ఇక పుట్టుక. నాకు తెలిసినదంతా ఏకరువు పెట్టాను. ఈ మాట పాత ఫ్రెంచిలోంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలోకి అంతకు ముందు జర్మనులు మాట్లాడే భాషల్లోంచి వచ్చింది. ఇంగ్లీషులో సిగ్గరిని 'షై' అంటారు, దానికీ దీనికీ చుట్టరికం.

"అనగా ఫ్రాన్సు, జర్మనీ దేశములను సందర్శింపవలసి యున్నది," అన్నారు కమిషనర్ గంభీరంగా. ఆ ప్రతిపాదన పైకి వెళ్ళి, అక్కడెవరో కడుపారా నవ్వుకున్నాక, డబ్బు లేదని తిరిగి వచ్చింది. కమిషనర్‌గారు నిరుత్సాహపడే రకం కాదు. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు మన జిల్లా పక్కనే ఉండగా సముద్రాలు దాటడం దేనికని, ఉపసంఘాన్ని జీపులో ఎక్కించుకుని యానాం వెళ్ళారు.

కోటిలంక నుంచి మగవాళ్ళు జీపు కట్టుకుని యానాం ఎందుకు వెళతారో చెప్పి మిమ్మల్ని అవమానించను. సాయంత్రానికి తిరిగి వచ్చారు. పాత దినపత్రికల్లో చుట్టిన అట్టపెట్టెలు దింపుతుంటే లోపల గాజు చప్పుడయింది. "ఆధారములు," అన్నారు కమిషనర్, నేను అడక్కుండానే. మర్నాడు నివేదిక తయారయింది. "పదము యొక్క జన్మస్థల పరిసరములను దర్శించితిమి. స్థానికులు ఈ పదమును తాము ఎరుగమని చెప్పినందున, ఇది అచ్చటినుండి వెడలిపోయి చాలా కాలమైనట్లు రుజువగుచున్నది."

"ఆ సిగ్గు సంగతి రాయలేదేమండీ?" అన్నాను.

"ఏ సిగ్గు?"

"ఈ మాటకి సిగ్గుతో చుట్టరికం ఉందన్నాను కదా. లోపల కాస్త సిగ్గు ఉన్నవాడే ఏదైనా మానుకోగలడు. అసలు కీలకం అక్కడే ఉందండి."

కమిషనర్‌గారు నివేదికని మడిచి ఫైల్లో పెట్టారు. "అది మన కార్యాలయ పరిధిలోనికి రాదు మేస్టారూ," అన్నారు.

పదం సిద్ధమైంది, ఆవిష్కరణ సభ మిగిలింది. మునిసిపల్ శాఖ ప్రాంతీయ సంచాలకులు గారు, అంటే మా కమిషనర్‌గారికి పై అధికారి, వచ్చి తెర లాగుతారు. పౌర్ణమికి ముందే సభ, కాబట్టి బండి బతికిపోయినట్టేనని నేను ఊపిరి పీల్చుకున్నాను. సందుల్లోంచి తిరగడం ఆపి, దర్జాగా గేటు ముందు నుంచి వెళ్ళి పెసరట్టు తిన్నాను కూడా. వేదిక ఎక్కడ కట్టాలన్న చర్చకి మాత్రం నన్ను పిలవలేదు.

పిలవని ఆ చర్చలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. షామియానా వెయ్యాలంటే టెండర్లు పిలవాలి, ఆలస్యం. సిమెంటు దిమ్మ అయితే రోడ్డు మరమ్మతు కింద వేసేయొచ్చు. వాన కురిస్తే పదం తడుస్తుంది కాబట్టి పైన రేకులు. సంచాలకులు గారికి ఉక్క పోస్తుంది కాబట్టి రెండు ఫ్యాన్లు. ఆయన చేతులు కడుక్కోవాలి కాబట్టి ఒక కుళాయి. ఇదంతా నలుగురికీ కనబడేలా ఆఫీసు గేటు పక్కన, ఫుట్‌పాత్ మీద. అంటే పల్లాలమ్మ బండి ఉన్న చోట.

దిమ్మ పని మొదలైన రోజు పొద్దున నేను వెళ్ళేసరికి లారీ వచ్చి వెళ్ళిపోయింది. బండి లేదు. పొయ్యి లేదు. పల్లాలమ్మ కోర్టు గోడ పక్కన రాయి మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పిండి గిన్నె. ఏడవడం లేదు, తిట్టడం లేదు. గిన్నె మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుతోంది.

"పిండి రుబ్బేసేనండి మేస్టారూ," అంది నన్ను చూసి. "పులిసిపోద్ది."

నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆ కోపంలోనే మేడ మెట్లెక్కి కమిషనర్ గది తలుపు తోసుకుని వెళ్ళాను.

"ఏమండీ, బళ్ళు తియ్యొద్దన్న ఉత్తర్వుకి సభ చెయ్యడానికి బండి తీసేశారా? అన్నం తినేవాళ్ళు చేసే పనేనా ఇది?"

"ఆవేశపడవద్దు," అన్నారు ఆయన చల్లగా. "సదరు ఉత్తర్వు ఇంకనూ అమలులోనికి రాలేదు. వచ్చిన క్షణము నుండి మేము తప్పక పరివర్జింతుము. పైగా ఆ మహిళనే తొలి లబ్ధిదారుగా ఎంపిక చేయడమైనది. ఉత్తర్వు తొలి ప్రతిని వేదికపై ఆమెకే అందజేయుదుము. ఫోటోలో వ్యాపారివలె కనబడవలెను గనుక, మునిసిపల్ యార్డునుండి ఆ పూటకు విడిపించి ఇచ్చు పొయ్యి, పెనములతో, పిండితో సహా రావలసినదిగా చెప్పి పంపితిని. తెర లాగు వేళకు ఆమె ఒక అట్టు వేయవలెను. సంచాలకులు గారు దానిని రొక్కమిచ్చి కొనెదరు. ప్రదర్శన అన్నమాట."

"తర్వాత?"

"తర్వాత సామాను తిరిగి యార్డుకు వచ్చేయును. ఉత్తర్వును సభలో మీరే చదవవలెను. మీ ఉచ్చారణ బాగుండునని అందరూ అనుచున్నారు."

ఆయన ఉత్తర్వు కాగితం నా చేతిలో పెట్టారు. చదవనని అది ఆయన మొహాన కొట్టేవాణ్ణే. కొట్టబోయి, అలవాటు కొద్దీ ఒకసారి పైనుంచి కింద దాకా చదివాను. రెండో వాక్యం దగ్గర ఆగాను. మళ్ళీ చదివాను. "అలాగేనండీ, నేనే చదువుతాను," అని వినయంగా చెప్పి మెట్లు దిగాను. కోర్టు గోడ దగ్గరికి వెళ్ళి పల్లాలమ్మతో నాలుగు మాటలు మాట్లాడాను. ఆవిడ విని, "దిగమంటేనో?" అంది. "ఎవరన్నా సరే, దిగొద్దు," అన్నాను. ఆవిడ పిండి గిన్నె మీద మూత పెట్టి లేచింది.

సభ రోజున ఫుట్‌పాత్ పట్టనంత జనం. సంచాలకులు గారు దండల్లోంచి మొహం బయటపెట్టి కూర్చున్నారు. విలేకరులు, కెమెరాలు. ఆచార్యులు గారు పదం గొప్పతనం గురించి మాట్లాడుతుంటే జనం వక్కపొడి పొట్లాలు విప్పుకున్నారు. వేదికకి ఒక పక్కన పల్లాలమ్మ కొత్త చీర కట్టుకుని, గ్యాసు పొయ్యి వెలిగించి నిలబడి ఉంది. పెనం మీద నీళ్ళు చల్లితే చుయ్యిమంది.

సంచాలకులు గారు తాడు లాగారు. తెర సగం దాకా వచ్చి ఇరుక్కుంది. ఆదిశేషు కుర్చీ ఎక్కి మిగతా సగం పీకాడు. 'స్వచ్ఛంద సంకల్పపూర్వక పరివర్జనము' అని ఎర్రటి అక్షరాలు. చప్పట్లు. "ఈ క్షణము నుండి ఉత్తర్వు అమలులోనికి వచ్చినట్లు ప్రకటించడమైనది," అని కమిషనర్‌గారు మైకులో అన్నారు. పల్లాలమ్మ సరిగ్గా అప్పుడే అట్టు తిప్పింది. సంచాలకులు గారు కెమెరాల వైపు చూస్తూ నోటు ఇచ్చి అట్టు కొన్నారు. తుంచి నోట్లో వేసుకుని, ఫోటోలు అయిపోయాక కూడా తింటూనే ఉన్నారు. బాగుంది మరి.

నేను మైకు అందుకున్నాను. మొదటి వాక్యం మామూలుగా చదివాను. రెండో వాక్యం ఒక్కో మాటా ఆపి ఆపి, వెనక బెంచీ వాడికి కూడా ఎక్కేలా చదివాను. "ఈ ఉత్తర్వు అమలులోనికి వచ్చు క్షణమున, ఏ వ్యాపారి, ఏ చోట వ్యాపారము చేయుచున్నచో, తదుపరి ఉత్తర్వుల వరకు, ఆ చోటనే ఉండనీయవలెను." చదివేసి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

వందన సమర్పణ అయింది. ఆదిశేషు పల్లాలమ్మ దగ్గరికి వచ్చి, "ఇంక పొయ్యి ఆర్పి దిగమ్మా, లారీ వచ్చింది," అన్నాడు.

"దిగనండి," అంది పల్లాలమ్మ.

"దిగకపోవడం ఏంటి?"

"ఉత్తర్వు వచ్చినప్పుడు నేను ఇక్కడే అట్టేస్తన్నానండి. తవరూ చూసేరు. అయ్యగారు డబ్బులిచ్చి కొన్నారు. ఫొటోలో కూడా ఉంది." ఆవిడ పెనం మీద ఇంకో అట్టు పోసింది.

ఆదిశేషు కమిషనర్ వైపు చూశాడు. కమిషనర్ ఆచార్యుల వైపు చూశారు. ఆచార్యులు గారు తమ పదం వైపు చూసుకున్నారు. కింద జనంలో ఎవరో ఈల వేశారు. విలేకరులు సర్దుకున్న కెమెరాలు మళ్ళీ బయటికి తీశారు.

"ఇది సభావేదిక. ప్రభుత్వ ఆస్తి," అన్నారు కమిషనర్ నా చెవిలో.

"ఫుట్‌పాత్ మీద ఉంది కదండీ," అన్నాను. "రోడ్డు మరమ్మతు కింద కట్టారు. ఆవిణ్ణి దింపితే, ఉత్తర్వు అమల్లోకి వచ్చాక తొలగించిన మొదటి అధికారి మీరవుతారు. సంచాలకులు గారి ఎదురుగా."

సంచాలకులు గారు చేతులు కడుక్కోవడానికి లేచారు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి, మా ఊళ్ళో అదో వింత. ఆయన రుమాలుతో చేతులు తుడుచుకుంటూ కెమెరాలని చూశారు, తను తిన్న ఖాళీ ప్లేటుని చూశారు. "ఉత్తర్వు ఉత్తర్వేనండి ముక్తేశ్వరరావుగారూ," అని కారెక్కి వెళ్ళిపోయారు. లారీ కూడా ఖాళీగానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి వేదిక మీద రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. రేకుల కింద నీడ, పక్కన కుళాయి, వెనక ఎర్రటి అక్షరాల బోర్డు. వాటి మధ్య పల్లాలమ్మ ఇడ్లీ వాయి దింపుతోంది. అత్తగారిని కూడా తీసుకొచ్చి ఫ్యాను కింద పడక్కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ ముసలావిడ చల్లగాలికి నిద్రపోతోంది. వేదిక ఎత్తుగా కట్టారు కాబట్టి జనం కింద నిలబడి చేతులు పైకి చాపి ప్లేట్లు అందుకుంటున్నారు. వాళ్ళ మధ్య కమిషనర్‌గారు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నారు.

"కాస్త చట్నీ," అన్నారు ఆయన ప్లేటు పైకెత్తి. అందలేదు. "కొంచెం ఇలా కిందికి దిగి వెయ్యమ్మా," అన్నారు.

పల్లాలమ్మ చట్నీ గిన్నె అంచుకి జరిపి, గరిటె చేతిలో పట్టుకుని నిలబడింది.

"నేను దిగకూడదంటండి, ఆయ్," అంది. "తవరే రండి పైకి."